గొడుగు వేసుకోని హీరో

ఆ వేసవి మేం సినిమాలు చూసింది సినిమాల మీద మోజుతో కాదు, చల్లదనం కోసం. మా వాటా మేడ మీది ఆఖరి అంతస్తు. పొద్దెక్కేసరికి పైకప్పు పెనంలా కాలేది. కుళాయి తిప్పితే కాగిన నీళ్ళు వచ్చేవి. నేను పనిచేసేది పెద్ద లాండ్రీలో. హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చిన దుప్పట్లను ఆవిరి ఇస్త్రీ కింద పెట్టి తీయడం నా పని. అక్కడా ఆవిరే, ఇంటికొస్తే ఇక్కడా ఆవిరే. వారానికి ఒక్క రోజు సెలవు. ఆ రోజైనా ఒళ్ళు చల్లబడాలంటే మా వీధి చివరి సినిమా హాలు ఒక్కటే దిక్కు. మధ్యాహ్నం ఆటకి వెళ్ళి, ఎండ తగ్గాక బయటికొచ్చేవాళ్ళం.

మేం అంటే నేను, మా అత్త, నా కూతురు. నా భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయాక అత్త కళ్ళు కూడా మసకబారుతూ వచ్చి, వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియని దాకా వెళ్ళాయి. "చూపు లేనిదానికి సినిమా ఏంటే, నవ్విపోతారు" అని మొదట మొండికేసింది. "లోపల చల్లగా ఉంటుంది అత్తయ్యా" అన్నాను. "అయితే పద" అంది.

మాటలు ఆవిడకి వినిపించేవి. మాటల్లేనిచోట తెర మీద ఏం జరుగుతోందో చెవిలో చెప్పడం నా వంతు.

"తలుపు తీసింది. లోపల ఎవరూ లేరు. మంచం మీద కూర్చుంది."

"ఏం వేసుకుంది?"

"నీలం గౌను."

"ఏడుస్తోందా?"

"ఇంకా లేదు."

వెనక వరసవాళ్ళు మొదట్లో విసుక్కునేవాళ్ళు. తర్వాత అలవాటు పడ్డారు. ఒకసారి వెనకాయన ఒకరు ముందుకు వంగి, "ఇందాక కళ్ళు మూతపడ్డాయమ్మా, ఆ అన్నదమ్ములు కలిశారా?" అని నన్నే అడిగాడు.

నా ఇబ్బంది వేరే ఉండేది. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. చదవడమంటే నాకు నడకే, పరుగు రాదు. ఇప్పటి సినిమాల్లో సగం ప్రేమ ఫోన్లలోనే నడుస్తుంది. తెర మీద మెసేజీలు టపటపా పడిపోతుంటాయి. నేను మొదటి మాట కూడబలుక్కునేసరికి వాళ్ళు అలిగి, తిట్టుకుని, మళ్ళీ కలిసిపోయేవారు. అక్కడ నా కూతురు అందుకునేది. నా మీదుగా వాళ్ళ నాన్నమ్మ వైపు వంగి, హీరోకి ఒక గొంతు, హీరోయిన్‌కి ఒక గొంతు పెట్టి గబగబా చదివేది.

నా కూతురు మందుల షాపు కౌంటరులో పనిచేసేది. అత్త దాన్ని గిలక అని పిలిచేది. చిన్నప్పుడు నవ్వితే గిలక్కాయ ఆడించినట్టు ఉండేదని. పెద్దయినా ఆ నవ్వు మారలేదు. తెర మీద మాట పూర్తి కాకముందే నవ్వేసేది. ముందు దాని నవ్వు వినిపించేది, ఆ తర్వాత హాలు నవ్వేది. "ఇది లేకపోతే వీళ్ళకి ఎక్కడ నవ్వాలో తెలిసి చావదు" అనేది అత్త, గర్వంగా.

వారం వారం చూస్తుంటే సినిమాల గురించి నాకూ కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ప్రేమ సినిమాల్లో ఎవరికీ ఉద్యోగం ఉండదు. ఉన్నా దానికి వెళ్ళరు. హీరోయిన్ ఆఫీసులో అడుగు పెట్టగానే చేతిలో కాగితాలు జారిపడతాయి. వాటిని ఏరడానికి హీరో వంగుతాడు. ఇక ఆ ఆఫీసులో ఆ రోజుకి పని అయిపోయినట్టే. ప్రతి హీరోయిన్ మంచం మీదా తెల్ల దుప్పటే ఉంటుంది, ఒక్క ముడత ఉండదు. ఆ పిల్ల దాని మీద బోర్లా పడి ఏడుస్తుంటే హాలంతా ముక్కు చీదేది. నాకు మాత్రం ఆ కాటుక మరక వెంటనే చన్నీళ్ళలో నానబెట్టకపోతే ఇక వదలదే అని దిగులేసేది. ఆమె ఏడుపు ఆమె ఏడ్చి వెళ్ళిపోతుంది, ఆ దుప్పటి ఎవరి చేతికి వస్తుందో నాకు తెలుసు కదా. హాస్యం సినిమాలైతే ఒక లావుపాటి మనిషి కింద పడాలి, లేదా ఎవరిదో ఒకరి చెంప పగలాలి. మొదటి దెబ్బకి నాకూ నవ్వొచ్చేది. సినిమా సగానికి వచ్చేసరికి నా చెంపే మండేది.

అయినా వెళ్ళేవాళ్ళం. కుర్చీలో వెనక్కి వాలి, చెప్పులు విప్పి, వాచిన పాదాలు చల్లటి నేల మీద ఆనిస్తే, తెర మీద ఎవరు ఎవర్ని ప్రేమించినా నాకు సమ్మతమే.

లిఫ్టు అబ్బాయి మాతో రావడం మొదలుపెట్టింది ఆ వేసవి మధ్యలో. మందుల షాపు ఉన్న భవనంలో లిఫ్టు బాగుచేయడానికి వచ్చి నా కూతురితో పరిచయమయ్యాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఎండలు తగ్గగానే పెళ్ళి అనుకున్నాం. అతనికి వంక పెట్టడానికి ఏమీ లేదు. మాట మెత్తన, పనిలో నేర్పరి. మా ఇంటికి వచ్చిన మొదటి రోజే మా ఫ్యాను కిర్రుమనడం మానేసింది. హాలు మెట్ల దగ్గర మా అత్త చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు.

"జాగ్రత్త అత్తయ్యా, ఇక్కడ నీళ్ళు పోశారు" అన్నాడు ఒకరోజు నాతో.

"ఎవర్రా అత్తయ్య?" అంది మా అత్త ఆగిపోయి. "ఈ ఇంట్లో అత్తయ్యని నేను."

"నన్నంటున్నాడు అత్తయ్యా" అన్నాను.

"అప్పుడేనా? లిఫ్టు కంటే జోరుగా ఉన్నాడే."

అతనూ నవ్వాడు. సరదా మనిషి. చప్పట్లు కొట్టి మరీ నవ్వేవాడు. నవ్వి, పక్కకి తిరిగి నా కూతురి మొహం చూసేవాడు. "అర్థమైందా? వాడి పెట్టె వీడు తీసుకున్నాడు" అని విడమర్చి చెప్పేవాడు. మేం కూర్చునే వరస ఇలా ఉండేది: గోడ పక్కన ఒక ఖాళీ కుర్చీ, తర్వాత అత్త, నేను, నా కూతురు, చివర అతను. ఒకసారి తెర మీద మెసేజీలు పడుతుంటే నా కూతురు ఎప్పటిలా మా వైపు వంగింది. "నువ్వు అటు చదివిపెడుతుంటే ఇక్కడ నేనొక్కడినే సినిమా చూస్తున్నట్టుంది" అన్నాడు. కోపంగా కాదు, ముద్దుగానే. అది నిజమే కదా అనిపించింది నాకు. ఆ తర్వాత మెసేజీలు నా పాలపడ్డాయి. ప్రేమ సగం మాకు అందకుండా పోయింది.

ఇంకో రోజు టీ తాగుతూ, "నాన్నమ్మగారూ, పెళ్ళయ్యాక ఈ గిలక అనే పిలుపు మానేద్దామండీ. మావాళ్ళు వింటే నవ్వుతారు" అన్నాడు.

"నవ్వితే మంచిదేగా నాయనా" అంది అత్త.

కౌంటరు పని సంగతి కూడా ఆ రోజే వచ్చింది. "రోజంతా నిలబడాలి. వచ్చిన ప్రతివాడితో నవ్వుతూ మాట్లాడాలి. పెళ్ళయ్యాక దీనికెందుకండీ ఆ శ్రమ, మానేస్తుంది" అన్నాడు. నా కూతురు కప్పులోకి చూస్తూ, "నెలాఖరుకి చెప్పేస్తాను షాపులో" అంది. శ్రమ అన్నాడని నాకు అతని మీద ఇష్టం పెరిగింది. నా శ్రమ సంగతి నన్నెవరూ ఎన్నడూ అడగలేదు మరి.

ఆ తర్వాతి వారం లాండ్రీలో ఒక ఇస్త్రీ మర చెడి మూలన పడింది. రెండింటి పని ఒకదాని మీద చేశాం. సెలవు రోజు హాల్లో కూర్చోగానే నా కళ్ళు వాలిపోయాయి. అది ప్రేమ సినిమా. హీరోయిన్‌కి దూరంగా మంచి ఉద్యోగం వస్తుంది. హీరో వెళ్ళొద్దని అనడు, వెళ్ళమనీ అనడు, పాటలు పాడుతుంటాడు. చివర రైలు స్టేషన్. అక్కడ మాటల్లేవు, అంతా వాయిద్యాలే. ఆ వాయిద్యాలకే నాకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టేసింది. లైట్లు వెలిగితే ఉలిక్కిపడి లేచాను.

"ఏమైందే? రైలెక్కిందా?" అని నా మోచెయ్యి లాగుతోంది అత్త.

నిద్రపోయానని చెప్పుకోలేక, "ఎక్కింది అత్తయ్యా" అన్నాను. "వాడు కిందే ఉండిపోయాడు. కిటికీలోంచి చెయ్యి ఊపింది. వెళ్ళిపోయింది."

అత్త దారి పొడుగునా మెచ్చుకుంటూనే ఉంది. "మంచి పని చేసింది ఆ పిల్ల. బంగారంలాంటి ఉద్యోగం వదులుకుని ఆ పాటలవాడి కోసం ఎక్కడ దిగిపోతుందో అనుకున్నా."

"దిగిపోయింది కదండీ" అన్నాడు లిఫ్టు అబ్బాయి.

"ఏంటి?"

"కదిలే రైల్లోంచి దూకి పరిగెత్తుకుంటూ వచ్చింది. పెట్టె కూడా రైల్లోనే వదిలేసింది. హాలంతా ఈలలు వేశారు, వినలేదా?"

"విన్నా. రైలు ఈలలనుకున్నా." అత్త నా వైపు తిరిగింది. "ఏమే, నిద్రపోయావా?"

"కాస్త."

"కాస్త నిద్రకే కథ మార్చేశావా? నిండా పడుకుంటే ఇంకేం చేసేదానివో."

అతను కడుపు పట్టుకుని నవ్వాడు. "అత్తయ్యా, మీ సినిమా తీస్తే జనం కుర్చీలు విరగ్గొడతారు."

నా కూతురు నెమ్మదిగా అంది, "నాకు అమ్మ సినిమానే బాగుంది."

"ఊరుకో, నీకేం తెలుసు. ఆ దూకడంలోనే ఉంది ప్రేమంతా."

"అవునవును" అంది నా కూతురు వెంటనే. అని నవ్వింది.

మర్నాడు సాయంత్రం పని నుంచి వచ్చి, బకెట్లో నీళ్ళు పోసుకుని పాదాలు ముంచి కూర్చున్నాను. అత్త ఎదురుగా పీట మీద ఉల్లిపాయలు వలుస్తోంది. కళ్ళు లేకపోయినా ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు.

"గిలక నవ్వు వెనకబడింది, గమనించావా?" అంది.

"వెనకబడటం ఏంటి?"

"ముందు వాడు నవ్వుతున్నాడు. అప్పుడు ఇది నవ్వుతోంది. వాడు నవ్వకపోతే ఇదీ నవ్వట్లేదు. మూడు నాలుగు సినిమాలుగా వింటున్నా."

"మీరు మరీను అత్తయ్యా. పెళ్ళి కుదిరిన పిల్ల, సిగ్గుండదా?"

"సిగ్గు నవ్వు నాకు తెలియదా? అది చెయ్యి అడ్డం పెట్టుకుని వస్తుంది, కానీ వేళకి వస్తుంది. ఇది అలా లేదు. అడిగి వస్తున్నట్టుంది."

బకెట్లో పాదాలు కదిపాను. నీళ్ళు అప్పటికే వెచ్చబడ్డాయి.

"నీదీ అంతే ఉండేది" అంది అత్త, ఇంకో ఉల్లిపాయ తడుముకుంటూ. "ఈ ఇంటికి వచ్చిన కొత్తలో గలగలా నవ్వేదానివి. ఆ తర్వాత నా కొడుకు నవ్వితేనే నవ్వేదానివి. ఇంకొన్నాళ్ళకి వాడు నవ్వినా నవ్వేదానివి కాదు."

ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పదిమందిలో ఉన్నప్పుడు నా వైపు ఒక చూపు చూసేవాడు, అంతే. ఆ చూపు సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను ఇన్నేళ్ళూ.

"అప్పుడు చెప్పొచ్చుగా అత్తయ్యా, ఆయనతో ఒక మాట."

"అప్పుడు నేను వాడి అమ్మని."

ఆ ఉల్లిపాయ వలిచి పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు వలుస్తోంది కదా, ఎందుకని అడగలేదు నేను.

తర్వాతి సెలవు రోజున హాల్లో నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నిద్ర కాదు. అత్త అడిగినప్పుడు మాత్రం తెరిచి, చూసింది చెప్పి, మళ్ళీ మూసుకున్నాను. ఒక పెద్దమనిషి విగ్గు చారులో పడింది. హాలు నవ్వింది. నా పక్కన ఉలుకూ పలుకూ లేదు. అతని చప్పట్లు వినిపించాయి. అప్పుడు నా కూతురు నవ్వింది, పొదుపుగా. ఇంకోచోట హాలంతా ఘొల్లుమంది, అతను మాత్రం ఫోన్ చూసుకుంటున్నట్టున్నాడు. నా కూతురు గొంతులో ఏదో మొదలై అక్కడే ఆగిపోయింది. ఊపిరి ముక్కులోంచి వదలడం విన్నాను.

ఇంటికొచ్చాక దానితో ఏదో చెప్పాలనుకున్నాను. ఏం చెప్పను? నువ్వు ఆలస్యంగా నవ్వుతున్నావనా? పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తుంది. బట్టలు మడతపెడుతూ, "షాపులో చెప్పేశావా?" అని మాత్రం అడిగాను.

"వచ్చే వారం చెబుతాను."

"తొందరేం లేదులే."

అది నా మొహంలోకి చూసింది. నేను దుప్పటి అంచులు కలుపుతూ ఉండిపోయాను.

ఆ వేసవిలో మేం నలుగురం కలిసి చూసిన ఆఖరి సినిమా మళ్ళీ ప్రేమ సినిమానే. అలిగిన హీరోయిన్ ఆఫీసు ముందు హీరో నిలబడతాడు. వాన మొదలవుతుంది. వయొలిన్లు మొదలవుతాయి. హాలంతా నిశ్శబ్దం, ఎవరూ కదలడం లేదు.

"ఏమవుతోందే?" అంది అత్త. ఆవిడ గుసగుస ఎప్పుడూ గుసగుసలా ఉండదు.

"వాడు వానలో నిలబడ్డాడు అత్తయ్యా."

"ఆ పిల్ల?"

"మేడ మీంచి చూస్తోంది."

"గొడుగు తెచ్చుకోలేదా వెధవ?"

"తెచ్చుకున్నాడు. చేతిలోనే ఉంది. వేసుకోలేదు."

"ఏం, ఊసలు విరిగాయా?"

అంతే. నా కూతురు నవ్వింది. ఆగి అడిగి వచ్చిన నవ్వు కాదు, మా గిలక నవ్వు. వయొలిన్ల మీదుగా హాలంతా దొర్లుకుంటూ పోయింది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగారు. ఎవరో తామూ నవ్వేశారు.

"ష్" అన్నాడు లిఫ్టు అబ్బాయి. "అందరూ చూస్తున్నారు."

కుళాయి కట్టేసినట్టు నవ్వు ఆగిపోయింది. అతను దాని చేతి మీద చెయ్యి వేసి, పాప్‌కార్న్ పొట్లం ముందుకు పెట్టాడు. మంచిగానే పెట్టాడు. అది రెండు గింజలు తీసుకుని చేతిలోనే ఉంచుకుంది. తెర మీద వాన కురుస్తూనే ఉంది. ఇక చెప్పడానికేమీ లేదు, అత్త కూడా అడగలేదు.

ఇంటర్వెల్‌లో నా కూతురు నీళ్ళు తాగొస్తానని వెళ్ళింది. లైట్లు ఆరిపోయాక వచ్చింది. తన కుర్చీ దగ్గర ఆగలేదు. మా అందరి మోకాళ్ళూ దాటుకుంటూ వెళ్ళి, గోడ పక్కన ఖాళీ కుర్చీలో, నాన్నమ్మకి అవతల కూర్చుంది.

"అక్కడ కూర్చున్నావేంటి?" అన్నాడు అతను, మా ఇద్దరి మీదుగా వంగి.

"ఇక్కడ బాగా వినిపిస్తోంది" అంది.

తెర మీద మెసేజీలు పడటం మొదలైంది. అది నాన్నమ్మ చెవిలో చదివిపెట్టింది, హీరోకి ఒక గొంతు, హీరోయిన్‌కి ఒక గొంతు.

ఆ వారం అది షాపులో చెప్పలేదు. అతనితో ఏదో చెప్పింది. రెండో రోజు సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు, గుమ్మంలోనే నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"నేనేం తప్పు చేశాను అత్తయ్యా, మీరైనా చెప్పండి."

తాగడు, తిరగడు, అబద్ధం ఆడడు. లోపల మా ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. నా కూతురే లోపలి నుంచి వచ్చింది.

"నీ తప్పేం లేదు. నీ పక్కన కూర్చుంటే నాకు అలసటగా ఉంటోంది."

"అలసటేంటి? సినిమాకేగా వెళ్ళాం!"

"అదే. సినిమాకి వెళ్ళి కూడా అలసిపోతున్నాను."

అతనికి అర్థం కాలేదు. మా అత్త వైపు తిరిగి, "వెళ్ళొస్తా నాన్నమ్మగారూ" అన్నాడు. "మెట్లు జాగ్రత్త నాయనా" అంది అత్త. ఆ మాట మనసులోంచే అంది.

అతను వెళ్ళాక ఇంట్లో పండగేమీ జరగలేదు. నా కూతురు చాలా రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. దానికి అతనంటే ఇష్టం పోలేదు, అదే కష్టం. ఒకరోజు నా మీద విరుచుకుపడింది. "నువ్వైనా సర్దుకోమని చెప్పొచ్చుగా. ఏ అమ్మైనా చెబుతుంది" అంది. "చెప్పమంటావా?" అన్నాను. మళ్ళీ గోడ వైపు తిరిగి, "వద్దు" అంది. కింది వాటా ఆవిడ, "నవ్వొద్దన్నాడని పెళ్ళి మానుకున్నారటగా, ఇదెక్కడి చోద్యం" అని నవ్వింది. లాండ్రీలో పక్క బల్ల అక్క, "మన రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి" అంది. దుప్పటి పెట్టడం, తీయడం, మడవడం. వాళ్ళకి విడమర్చే ఓపిక నాకు లేదు.

తర్వాత వానలు పడ్డాయి. పైకప్పు చల్లబడింది. కుళాయి నీళ్ళు చల్లబడ్డాయి. సెలవు రోజు మధ్యాహ్నం చాప వేసుకుని పడుకుందామనుకుంటుంటే నా కూతురు వచ్చి, "సినిమాకి వెళ్దామా?" అంది.

"ఇల్లు చల్లగానే ఉందిగా."

"అయినా."

వెళ్ళాం, ముగ్గురం ఒకే గొడుగు కింద సగం సగం తడుస్తూ. హాస్యం సినిమా అట. నాకైతే హాస్యం కనపడలేదు. సగం దాకా చెంపదెబ్బలే. అత్తకి ఒకవైపు నేను, ఒకవైపు నా కూతురు. అది చేతులు కట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంది. హాలు రెండుసార్లు నవ్వింది, అది నవ్వలేదు. అత్త అడిగినవీ అడగనివీ అన్నీ నేను చెబుతూ ఉన్నాను.

"లావుపాటాయన నిచ్చెన ఎక్కుతున్నాడు. కింద రంగు డబ్బా ఉంది."

"పడతాడు" అంది అత్త విసుగ్గా.

"ఇంకా పడలేదు."

చెప్పి చెప్పి నా గొంతు ఆరిపోయింది. వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నానో లేదో, అత్తకి అవతలి నుంచి నవ్వు వినిపించింది. కొంచెం బొంగురుపోయి, వాడక మూలపడ్డ వస్తువులా మొదలై, తర్వాత గలగలమంది. ఆ తర్వాత డబ్బా దొర్లిన చప్పుడు. ఆ తర్వాత హాలు నవ్వింది.

అత్త చెయ్యి నా చేతిని వెతుక్కుని పట్టుకుంది. లావుపాటాయన ఎలా పడ్డాడో ఆవిడ నన్ను అడగలేదు. అడిగినా చెప్పలేను, నేనూ చూడలేదు.